16 అడుగుల ఫైబర్ బోటు: వరదలో మునిగిన 40 హార్స్‌పవర్ ఇంజిన్ తీసేసి 60 పెట్టొచ్చా?

సింగ్‌నగర్ బోటు

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, అజిత్ సింగ్ నగర్. మాకు 16 అడుగుల ఫైబర్ బోటు ఉంది. అడుగు భాగం వి ఆకారం, వెనక వెడల్పు ఐదున్నర అడుగులు. 2013లో కాకినాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. దాంతోపాటు వచ్చిన ఔట్‌బోర్డ్ ఇంజిన్ (బోటు వెనక బయటివైపు తగిలించేది) 40 హార్స్‌పవర్, టూ స్ట్రోక్, మూడు సిలిండర్లు, చేత్తో పట్టుకుని తిప్పే టిల్లర్ హ్యాండిల్. అద్దెకి తిప్పే బోటు కాదు. ఆదివారాలు నాన్న, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు ఇబ్రహీంపట్నం వైపు దించి, పవిత్ర సంగమం చుట్టుపక్కల రెండు గంటలు తిరిగి వచ్చేస్తాం. నాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా కాలవ గట్ల మీద సైకిల్ తొక్కడంతోనే గడిచిపోయింది. ఆయనకి 72 ఏళ్లు. నీళ్ల మీద కూర్చుంటే మోకాళ్ల నొప్పి మాటే ఎత్తరు. నిజం చెప్పాలంటే ఆ బోటు కొన్నదే ఆయన కోసం.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా పేటలోకి వచ్చింది. కృష్ణకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వచ్చి, కొట్టుకొచ్చిన బోట్లు ప్రకాశం బ్యారేజీ గేట్లని గుద్దిన రోజులవి. బోటు నదిలో లేదు కదా, ఇంటి దగ్గర ట్రైలర్ మీద ఉంది కదా అని మేం నిశ్చింతగా ఉన్నాం. నీళ్లు మాత్రం ఇంటికే వచ్చాయి. ఇంజిన్ విప్పి షెడ్డులో స్టాండు మీద బిగించి పెట్టాను, అది పైమూత దాకా మునిగింది. బోటులోనూ వెనక సగం బురదనీళ్లు నిలిచాయి. మేం మేడ మీద ఉన్నాం, కిందికి దిగి చూసే వీల్లేకపోయింది. షెడ్డు తలుపు తీసేసరికి వారం దాటింది.

ప్లగ్గులు విప్పి, ఫ్లైవీల్ చేత్తో తిప్పి నీళ్లన్నీ కక్కించాను. సిలిండర్లలో ఆయిల్ పోశాను. ఆటోనగర్‌లో ఒకాయన కార్బురేటర్లు మూడూ విప్పి శుభ్రం చేసి ఇచ్చారు. స్టార్టయింది కూడా. ఆ రోజు పిల్లలు వీధంతా చెప్పుకొచ్చారు. కానీ అప్పటి నుంచి బలం లేదు. ఇద్దరం ఎక్కితే సరే, ఐదుగురం ఎక్కితే ముందు భాగం గాల్లోకి లేచి, వెనక భాగం నీళ్లలో కూరుకుపోయి, అలాగే దున్నుకుంటూ పోతుంది తప్ప నీటి మీదికి లేవడం లేదు. పోయిన వారం కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో, చూపించాను. పైనుంచి వరసగా 120, 115, 80.

ఒక మెకానిక్ సిలిండర్లని బోర్ చేసి, అంటే కాస్త వెడల్పు చేసి, పెద్ద పిస్టన్లు వేద్దాం అంటున్నారు. ఇంకొకరు ఇది పారేసి ఫోర్ స్ట్రోక్ 60 తీసుకో, ఐదుగురితో కూడా ఎగిరిపోతుంది అంటున్నారు. డబ్బు సంగతి ఎలాగో చూసుకుంటాను. మళ్లీ మళ్లీ కొనే వస్తువు కాదు కాబట్టి ఈసారి తప్పు చేయకూడదు. నది మధ్యలో, నాన్న, పిల్లలు ఉండగా ఇంజిన్ ఆగిపోతుందేమో అన్న టెన్షన్‌తో రెండు నెలలుగా బోటే దించలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


గొల్లపూడి ఏటిగట్టు

అన్నా, నా 17 అడుగుల బోటుకి 60 ఫోర్ స్ట్రోక్ ఉంది. చాలా బాగుంటుంది, శబ్దమే ఉండదు, పొగ ఉండదు, పెట్రోలు కూడా టూ స్ట్రోక్‌తో పోలిస్తే బాగా తక్కువ తాగుతుంది. అయితే నాది స్టీరింగ్ చక్రం ఉన్న బోటు, బిల్డరే 60కి అని కట్టించి ఇచ్చాడు. మీది టిల్లర్ అంటున్నారు కాబట్టి పెద్దవాళ్లు చెప్పేదాకా ఆగండి. బోరింగ్ మాత్రం వద్దు. మునిగిన ఇంజిన్ మీద డబ్బు పెట్టకండి.


గిలకలదిండి మెకానిక్

తమ్ముడూ, మచిలీపట్నం హార్బర్‌లో 31 ఏళ్లు ఔట్‌బోర్డ్‌లే చేశాను. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో కూతురి దగ్గర ఉంటున్నాను. కాస్త పెద్దగా రాస్తాను, ఓపికగా చదువు.

ముందు పాత ఇంజిన్ సంగతి. సిలిండర్ల మధ్య పది పదిహేను శాతం తేడా వరకు సర్దుకోవచ్చు. నీకు 120కి, 80కి మధ్య మూడో వంతు తేడా ఉంది. మూడు సిలిండర్లలో ఒకటి కాళ్లు చాపేసిందన్నమాట. అడుగున ఉన్న సిలిండర్లోనే నీళ్లు, ఒండ్రు ఎక్కువ సేపు నిలిచి ఉంటాయి, రింగులు అక్కడ తుప్పుపట్టి గాడిలో ఇరుక్కుంటాయి. బోర్ చేసి కొత్త రింగులు వేస్తే కంప్రెషన్ వస్తుంది, కాదనను. కానీ టూ స్ట్రోక్‌లో క్రాంక్‌కేసులో ఆయిల్ నిల్వ ఉండదు. పెట్రోల్లో కలిసి వచ్చే ఆ కాస్త ఆయిలే బేరింగులకి తిండి. వారం రోజులు బురదనీళ్లలో కూర్చున్న క్రాంక్ బేరింగుల మీద సన్నటి తుప్పు మచ్చలు పడతాయి. బయటికి కనపడవు, చెవికి వినపడవు. ఒక రోజు బరువు మీద నడుస్తుండగా పట్టేస్తుంది. అందుకే బోరింగ్ వద్దంటున్నాను. క్రాంక్ విప్పి అన్ని బేరింగులూ మార్చే లెక్క వేస్తే అది కొత్త ఇంజిన్ ధరలో మంచి భాగమే అవుతుంది, పైగా పాత మోడల్‌కి సామాను దొరకాలి.

ఇక 60. ఇరవై అడుగుల లోపు బోట్లకి అమెరికా కోస్ట్ గార్డ్ వాళ్ల లెక్క ఒకటి ఉంది, నేను మొదటి నుంచి అదే వాడాను. బోటు పొడవుని వెనక వెడల్పుతో గుణించాలి, రెండూ అడుగుల్లో. నీది 16 ఇంటూ 5.5, అంటే 88. స్టీరింగ్ చక్రం ఉండి, వెనక ఇంజిన్ తగిలించే పలక ఎత్తు కనీసం 20 అంగుళాలు ఉంటే, 88ని రెట్టింపు చేసి 90 తీసెయ్యాలి. 86 వస్తుంది, దాని పైన ఉన్న ఐదు గుణిజం 90. టిల్లర్ అయితే లెక్క వేరు. వి అడుగుకి 88ని 0.8తో గుణించి 25 తీస్తే 45 చిల్లర, అంటే 50. అదే చదును అడుగు అయితే సగం చేసి 15 తీస్తారు, 30 దాటకూడదు. చూశావా, అదే బోటు, అదే కొలత, పట్టుకునే చోటు మారితే 90 కాస్తా 50 అయిపోయింది. నీకు 60 కుదరదు.

ఆ తేడా ఎందుకో కూడా చెప్తాను. చక్రం ఉన్న బోటులో నువ్వు మధ్యలో కూర్చుంటావు, ఇంజిన్ తోపుని స్టీరింగ్ సామాను మోస్తుంది. టిల్లర్‌లో ఆ తోపంతా నీ మణికట్టు మోస్తుంది, నీ ఒంటి బరువు కూడా వెనక మూలనే ఉంటుంది. వేగంలో చెయ్యి జారితే ఇంజిన్ ఒక పక్కకి కొట్టేసుకుంటుంది, బోటు గిర్రున తిరుగుతుంది, మనిషి బయట పడతాడు. అలా పడ్డవాళ్లని నేను చూశాను. ఇంజిన్ ఆపే ఎర్ర తాడు ఉంటుందే, అది నీ లైఫ్ జాకెట్‌కో, మణికట్టుకో తగిలించకుండా స్టార్ట్ చెయ్యకు. 40 అయినా సరే, 10 అయినా సరే.

సరే, 60 వల్ల వచ్చేదేమిటి? బలం ఒకటిన్నర రెట్లు అయితే వేగం ఒకటిన్నర రెట్లు కాదు. నీటి మీద లేచి పరుగెత్తే బోటుకి వేగం సుమారుగా బలం వర్గమూలం లెక్కన పెరుగుతుంది. 22 శాతం. గంటకి 40 కిలోమీటర్లు వెళ్లే బోటు 49 వెళ్తుంది. నాన్నగారిని కూర్చోబెట్టుకుని ఆదివారం తిరగడానికి ఆ తొమ్మిది కిలోమీటర్లు నీకు కావాలా? నీ బాధ వేగం కాదు, ఐదుగురితో లేవకపోవడం. దానికి సగం కారణం చచ్చిన సిలిండర్. మిగతా సగం ప్రొపెల్లర్ అని నా అనుమానం. దాని మీద చెక్కిన అంకెలు చూడు. ఫుల్ థ్రాటిల్‌లో ఎన్ని ఆర్‌పీఎం వస్తుందో, వరదకి ముందు ఎంత వచ్చేదో గుర్తుంటే చెప్పు.

బరువు మర్చిపోకు. పాత టూ స్ట్రోక్ 40 డెబ్బై ఐదు, ఎనభై కిలోలు ఉంటుంది. ఫోర్ స్ట్రోక్ 40 వంద కిలోల దగ్గర. 60 అయితే ఇంకా పైన. దానికి సెల్ఫ్ స్టార్ట్ బ్యాటరీ ఇంకో ఇరవై. ఇదంతా పోయి కూర్చునేది అమరం మీదే, అంటే బోటు వెనక కొసన. కొనే ముందు ఒక పని చెయ్యి. పాత ఇంజిన్ ఉండగానే బోటు నీళ్లలో దించి, వెనక నీటిమట్టం ఎక్కడుందో గీత గియ్యి. 25 కిలోల బియ్యం బస్తా ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇంజిన్ పక్కనే పెట్టు. ఐదుగురూ ఎక్కి మామూలుగా ఎక్కడ కూర్చుంటారో అక్కడే కూర్చోండి. గీత ఎంత మునిగిందో, వెనక నీళ్లు పోయే కన్నాలు ఎక్కడికి వచ్చాయో చూడు. కన్నాలు నీటికి దగ్గరగా వస్తే ఇంజిన్ మాట పక్కన పెట్టి ముందు బరువు ఎక్కడెక్కడ ఉందో సర్దుకోవాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆఖరిది ఒక ఎత్తు. కొత్త ఇంజిన్ తగిలించేది వెనక పలకకి. ఫైబర్ బోటులో ఆ పలక పైకి ఫైబర్, లోపల ప్లైవుడ్. నీ బోటులో వెనక సగం వారం పైగా నీళ్లు నిలిచాయి అన్నావు. ఇంజిన్ బోల్టుల కన్నాల్లోంచి ఆ నీళ్లు లోపలికి వెళ్లి ఉంటాయి. సుత్తి పిడితో పలకంతా కొట్టి చూడు. ఎండు కొబ్బరికాయ మీద కొట్టినట్టు గట్టిగా పలకాలి. ఎక్కడైనా పండిన పనసకాయ మీద కొట్టినట్టు మెత్తగా పలికితే అక్కడ ఆగు. ఇంజిన్ షాపుకి వెళ్లకు.


సింగ్‌నగర్ బోటు

బాబాయ్ గారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. పొద్దున్నే ఇద్దరం కూర్చుని మీరు చెప్పినవన్నీ చేశాం.

పలక పైఅంచు నుంచి బోటు అడుగు వరకు మధ్యలో 20 అంగుళాలు. ప్రొపెల్లర్ మీద 13 పిచ్ అని ఉంది. వరదకి ముందు ఇద్దరితో 5,200 ఆర్‌పీఎం వచ్చేది, ఐదుగురితో 4,500 దాకా. ఇప్పుడు ఐదుగురితో 3,900 దాటడం లేదు. పుస్తకంలో 4,500 నుంచి 5,500 అని ఉంది. అంటే ఇంజిన్ బాగున్న రోజుల్లో కూడా ఐదుగురితో అంచు మీదే నడిచిందన్నమాట. నేనెప్పుడూ ఆలోచించలేదు.

పలక సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. సుత్తి పిడితో పైనుంచి మొదలుపెట్టాను. పైన, పక్కల టంగ్ టంగ్‌మంది. కింది రెండు బోల్టుల దగ్గరికి వచ్చేసరికి శబ్దమే లేదు, దిండు మీద కొట్టినట్టుంది. లోపలి వైపు నుంచి చిన్న బిట్టుతో ఒక కన్నం వేశాను. ముందు తెల్లటి ఫైబర్ పొడి వచ్చింది. తర్వాత బిట్టు ఏ అడ్డూ లేకుండా దానంతటదే లోపలికి పోయింది. బయటికి తీస్తే దాని గాడుల్లో కాఫీ రంగు ముద్ద, నానబెట్టిన అటుకుల్లా. పాత బావి వాసన. కన్నంలోంచి గోధుమరంగు నీళ్లు బొట్టు బొట్టుగా కారాయి. వరద వచ్చి ఇన్నాళ్లయినా ఆ నీళ్లు ఇంకా లోపలే ఉన్నాయి.

నాన్న ఆ ముద్దని వేళ్ల మధ్య నలిపి చూశారు. "తూము పలక చివికినట్టుందిరా. పైకి తారు పూసి ఉంటుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. నీళ్లు వదిలిన రోజు ఊడిపోతుంది" అన్నారు. పోయిన వేసవిలో ఇదే పలక మీద ఇంజిన్‌ని పెట్టి, వెనక ఆయన్ని కూర్చోబెట్టుకుని తిరిగాను.

ఇప్పుడు ఇంజిన్ ప్రశ్న పక్కన పెట్టేశాను. ఈ పలక బాగవుతుందా? లేక బోటే వదిలేయాలా?


గుంటూరు ఫైబర్ పని

బోటు వదిలేయక్కర్లేదు తమ్ముడూ. మా ఆయనా నేనూ గుంటూరులో పద్దెనిమిదేళ్లుగా ఫైబర్ పని చేస్తున్నాం. ఎక్కువ ట్యాంకులే, బాపట్ల వైపు నుంచి బోట్లు కూడా వస్తాయి. పలక మార్చడం మురికి పని, కానీ తెలిసిన పని. ఎలా చేయించుకోవాలో చెప్తాను, ఎవరికి ఇచ్చినా దగ్గరుండి చూసుకో.

బయటి ఫైబర్ పొరని ముట్టుకోనివ్వకు. బోటు ఆకారం దానిలోనే ఉంది. లోపలి పొరని అంచుల నుంచి రెండు అంగుళాలు వదిలి గ్రైండర్‌తో కోసి ఊడదీయాలి. లోపల పాడైన ప్లైవుడ్‌ని ఉలితో మొత్తం చెక్కేయాలి. "ఇక్కడ బాగానే ఉంది కదా, ఇది ఉంచుదాం" అంటారు, ఒప్పుకోకు. తడి ఒక పక్క మిగిలితే మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. తర్వాత కనీసం వారం పది రోజులు ఎండాలి. టార్పాలిన్ కప్పి, పక్కల గాలి ఆడేలా చూడు.

కొత్త కలప ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై. 18 మిల్లీమీటర్లవి రెండు షీట్లు, ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) ఒకదానికొకటి అతికించి. మామూలు షాపుల్లో వాటర్‌ప్రూఫ్ అని చెప్పి వేరేది అంటగడతారు, ముద్ర చూసి తీసుకో. అంచులకీ, కోసిన ప్రతి చోటా పల్చటి ఎపాక్సీ తాగినంత తాగించాలి. ప్లైవుడ్ నీళ్లు తాగేది ముఖంలోంచి కాదు, అంచులోంచి. తర్వాత చిక్కటి ఎపాక్సీ ముద్ద రాసి, బయటి పొరకి ఆనించి, ఎక్కడా గాలి బుడగ లేకుండా క్లాంపులతో బిగించాలి. పైన మ్యాట్, రోవింగ్ అనే రెండు రకాల ఫైబర్ గుడ్డలు ఒకటి మార్చి ఒకటి, కనీసం నాలుగైదు పొరలు. ఆ పొరలు పలక మీదే ఆగిపోకూడదు, పక్క గోడల మీదికీ అడుగు మీదికీ ఆరేడు అంగుళాలు పాకాలి. ఇంజిన్ తోపు పలక నుంచి బోటుకి వెళ్లేది ఆ మూలల్లోంచే. మూల దగ్గర ఫైబర్ పలచగా ఉంటే ఎంత మంచి పలక పెట్టినా లాభం లేదు.

బోల్టు కన్నాలు మాత్రం నీ ఎదురుగానే వేయించు. 12 మిల్లీమీటర్ల బోల్టుకి ముందు 20 మిల్లీమీటర్ల కన్నం వేసి, దాన్ని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్లీ 12 కన్నం వేయాలి. అప్పుడు బోల్టు చుట్టూ కలపే ఉండదు, నీళ్లు దిగినా ఎపాక్సీ గొట్టంలోనే ఆగుతాయి. మీ పాత బోటుకి ఇది చేయలేదు, అందుకే వరద నీళ్లు తిన్నగా లోపలికి వెళ్లాయి. స్టెయిన్‌లెస్ బోల్టులు, లోపలి వైపు పెద్ద వాషర్లు, పాలీయురేథేన్ సీలెంట్. బాత్‌రూమ్‌లో పూసే సిలికాన్ వద్దు.

ఇంకో మాట. ఈ పని ఎండలు ముదిరే లోపు చేయించు. మన దగ్గర ఏప్రిల్ దాటాక మధ్యాహ్నం రెసిన్ కలిపితే డబ్బాలోనే ఉడికి గడ్డకడుతుంది. మేం ఆ నెలల్లో తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి ఎనిమిదికి ఆపేస్తాం. వానల్లో అయితే తేమ వల్ల పొరలు సరిగ్గా అతకవు.


గొల్లపూడి ఏటిగట్టు

అన్నా, పెట్రోలు గురించి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, ఇరవై శాతం ఇథనాల్. ఔట్‌బోర్డ్ కంపెనీలు ఎక్కువగా పది శాతం వరకే ఒప్పుకుంటాయి. కొనే ముందే డీలర్‌ని మీ మోడల్‌కి ఈ20 పోయొచ్చా, వారంటీ ఉంటుందా అని అడిగి, కాగితం మీద రాయించుకోండి. నోటిమాట వద్దు.

ఇథనాల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బైకుకి ఇబ్బంది లేదు, ట్యాంకు ఖాళీ అవుతూ నిండుతూ ఉంటుంది. మన బోట్లు నెలకి రెండు సార్లు కదులుతాయి. ట్యాంకులో నెల రోజులు కూర్చుంటే నీళ్లు, ఇథనాల్ కలిసి విడిపోయి అడుగుకి చేరతాయి. గొట్టం పీల్చేది అడుగు నుంచే. టూ స్ట్రోక్‌కి అది ఇంకా ప్రమాదం, ఆ అడుగు పొరలో ఆయిల్ ఉండదు. నేను ఏ ఆదివారానికి కావాల్సింది ఆ ఆదివారమే పోయిస్తాను, మిగిలితే ఇంటికొచ్చి బైకులో పోసేస్తాను. ట్యాంకుకీ ఇంజిన్‌కీ మధ్య నీళ్లు వేరుచేసే ఫిల్టర్ ఒకటి పెట్టించండి. గొట్టం, చేత్తో నొక్కే బల్బు కూడా కొత్తవి వేయించండి, పాత రబ్బరు ఇథనాల్‌కి మెత్తబడి లోపల పొట్టు రాలుతుంది.


గిలకలదిండి మెకానిక్

ఆ ఫైబర్ పని అమ్మాయి చెప్పిన ప్రతి మాటా రాసి పెట్టుకో. నేను హార్బర్‌లో ఉండగా ఆ ఎపాక్సీ గొట్టం పద్ధతి తెలిసి ఉంటే ఎన్ని పలకలు బతికేవో.

ప్రొపెల్లర్ సంగతి. 13 పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే, జారకుండా ఉంటే, 13 అంగుళాలు ముందుకు పోవాలి. బండిని ఎప్పుడూ టాప్ గేరులోనే ఎక్కించినట్టు. ఇద్దరికి సరిపోతుంది, ఐదుగురికి ఇంజిన్ ఊపిరి అందదు. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఆర్‌పీఎం సుమారు 200 పెరుగుతుంది. నీకు ఫోర్ స్ట్రోక్ 40, టిల్లర్, లాంగ్ షాఫ్ట్ సరిపోతుంది. పలక 20 అంగుళాలు కాబట్టి లాంగ్ షాఫ్టే అడుగు, 15 అంగుళాల షార్ట్ షాఫ్ట్ చవగ్గా వస్తుందని ఎవరైనా అంటే ఆశపడకు. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఉండే రెక్క బోటు అడుగుతో సమానంగా, లేదా ఒక అంగుళం కిందికి రావాలి. మరీ పైన ఉంటే గాలి పీలుస్తుంది, మరీ కింద ఉంటే నీళ్లని దున్నుతుంది, మన నదిలో ఇసుక మేటలకి కూడా తగులుతుంది.

ఎక్కువమంది ఎక్కే రోజుని బట్టే పిచ్ ఎంచుకో. డీలర్ 13 ఇస్తే 11తో కూడా చూస్తానని ముందే మాట్లాడుకో.

రిజిస్ట్రేషన్‌లో పాత ఇంజిన్ నంబరు ఉంటుంది. 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చాక మార్పులు చెప్పకుండా చేయడానికి లేదు. కొత్త బిల్లు, పలక పని ఫొటోలు పట్టుకుని రిజిస్టర్ చేసిన ఆఫీసుకి ముందే వెళ్లు. 2017 నవంబరు 12న మీరు తిరిగే ఆ సంగమం దగ్గరే బోటు బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. ఆ నీళ్లని నువ్వూ చూస్తావు, మీ నాన్నగారూ చూస్తారు. పిల్లలిద్దరికీ వాళ్ల కొలత జాకెట్లు ఉన్నాయా? పెద్దవాళ్లవి వేస్తే నీళ్లలో పడ్డప్పుడు తలమీదుగా ఊడిపోతాయి.


సింగ్‌నగర్ బోటు

బాబాయ్ గారూ, అక్కా, గొల్లపూడి తమ్ముడూ, మూడు నెలల తర్వాత రాస్తున్నాను.

పలక పని ఫిబ్రవరిలో చేయించాను. పాత ప్లైవుడ్ చెక్కుతుంటే మూడు బక్కెట్ల ముద్ద వచ్చింది. పన్నెండు రోజులు ఎండబెట్టాం. నాన్న రోజూ పొద్దున్నే టార్పాలిన్ ఎత్తి, లోపలి ఫైబర్‌కి అరచెయ్యి ఆనించి చూసేవారు. పదో రోజు పనివాళ్లు మొదలుపెడదామంటే ఆయన ఇంకా చల్లగా ఉంది, రెండు రోజులు ఆగండి అన్నారు. ఆగాం. కన్నాలు నా ఎదురుగానే వేయించాను. ఇప్పుడు సుత్తి పిడితో కొడితే ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒకటే మోత.

ఫోర్ స్ట్రోక్ 40 తీసుకున్నాను. టిల్లర్, లాంగ్ షాఫ్ట్. బియ్యం బస్తా పరీక్షలో వెనక కన్నాలు నీటికి రెండు వేళ్ల దూరంలోకి వచ్చాయి. అందుకే బ్యాటరీని మధ్య సీటు కిందికి మార్చి, లావు కేబుల్ లాగించాను. పెట్రోలు ట్యాంకు ముందు సీటు కిందికి వెళ్లింది. ఇప్పుడు కొత్త ఇంజిన్‌తో ఐదుగురం ఎక్కినా కన్నాలు నీటికి బెత్తెడు పైన ఉంటున్నాయి. రిజిస్ట్రేషన్‌లో ఇంజిన్ నంబరు మారింది. డీలర్ ఈ20 గురించి కాగితం ఇవ్వడానికి రెండు వారాలు తిప్పాడు, చివరికి కంపెనీ పుస్తకంలో ఆ పేజీ చూపించి సంతకం పెట్టి ఇచ్చాడు. పది శాతం వరకే అని ఉంది. దాంతో ఫిల్టర్ పెట్టించాను, ఏ వారం పెట్రోలు ఆ వారమే పోస్తున్నాను.

మొదటి రెండు గంటలు పుస్తకంలో రాసినట్టే నెమ్మదిగా, వేగం మార్చి మార్చి నడిపాను. తర్వాత డీలర్ ఇచ్చిన 13 పిచ్‌తో ఐదుగురం ఎక్కి కాసేపు ఫుల్ ఇచ్చి చూస్తే 4,900. దీని పుస్తకంలో 5,000 నుంచి 6,000 దాకా ఉండాలని ఉంది. 11 పెట్టించాను. అదే ఐదుగురం, 5,300. ఫోన్‌లో చూస్తే గంటకి 36 కిలోమీటర్లు. అంకెల కన్నా నాకు గుర్తుండేది ఇంకొకటి. థ్రాటిల్ తిప్పగానే ముందు భాగం పైకి లేచింది, నాలుగైదు సెకన్లలో దానంతటదే కిందికి వాలి బోటు తిన్నగా పడుకుంది. వెనక నురగ పల్చబడింది. ఒకరి మాట ఒకరికి వినపడింది. ముందు సీటులో కూర్చున్న నాన్న వెనక్కి తిరిగి, "ఇదేనా నడవడం లేదన్న బోటు?" అని అడిగారు.

రెండో వారం గుర్రపుడెక్క వేర్లు ఇంజిన్ నీళ్లు పీల్చే జల్లెడకి చుట్టుకుని, వెనక నుంచి చిమ్మే నీటిధార సన్నబడింది. వెంటనే ఆపి, ఇంజిన్ పైకి ఎత్తి తీసేశాను. ఇంటికొచ్చాక మంచినీళ్లతో పది నిమిషాలు నడిపాను. నది నీళ్లలో ఒండ్రు ఎక్కువ కాబట్టి ఇంపెల్లర్ (నీళ్లు తోడే పంపులోని రబ్బరు చక్రం) ఏడాదికే మార్చేద్దామనుకుంటున్నాను, సరేనా బాబాయ్ గారూ?

పిల్లలకి వాళ్ల కొలత జాకెట్లు కొన్నాం. చిన్నదానికి ఎర్రది కావాలంటే ఎర్రదే తీసుకున్నాం. ఎర్ర తాడు నా జాకెట్ కొక్కేనికే ఉంటుంది. మీటరు 11 గంటలు చూపిస్తోంది. 20 దగ్గర మొదటి ఆయిల్ మారుస్తాను, గేరు ఆయిల్ కూడా అప్పుడే తీసి, నీళ్లు చేరి పాలలా తెల్లబడిందేమో చూస్తాను. వచ్చే ఆదివారం నాన్న వాళ్ల లస్కరు స్నేహితుణ్ని ఒకాయన్ని కూడా తీసుకెళ్దాం అంటున్నారు. ఆరుగురం అవుతాం. చిన్నదాన్ని, మా ఆవిణ్ని ఒడ్డున ఉంచి, పెద్దవాళ్లిద్దరినీ ముందు తిప్పి తీసుకొస్తాను.